చర్చి గోడ మీద అమ్మ

ఆదివారమొస్తే చెన్నై పక్కన మా ఆవడిలో రైలెక్కి ఏదో ఒక చిన్న ఊళ్ళో దిగుతాను. పాత చర్చిలు, కూడలి విగ్రహాలు, స్టేషను గోడల మీది బొమ్మలు చూసి సాయంత్రానికి ఇల్లు చేరతాను.

"బూజు పట్టిన గోడలు చూసేదానికి టికెట్టు కొనుక్కోని పొయ్యేదాన్ని నిన్నొక్కదాన్నే చూసినా," అంటాడు మా ఆయన. అననీ. ఆయన మాత్రం టీవీ ముందు పడుకుని చూసి ఉద్ధరించేదేముంది?

అసలు చూడడానికైనా ఏం మిగిల్చారు గనక! తిరువళ్ళూరులో ఒక పాత చర్చి రాతి స్తంభాలకి గులాబీరంగు పూసేశారు. ఒక కూడలిలో ఎవరో నాయకుడి విగ్రహానికి ఏటేటా బంగారు రంగు కొట్టీ కొట్టీ ముక్కూ చెవులూ పూడిపోయాయి. మా వైపు గౌరవమంటే కొత్త రంగే. గుడికి తిరుప్పణి అని మరమ్మతులు చేస్తే గోపురం మీద బొమ్మలన్నిటికీ రంగులేస్తారు. చర్చివాళ్ళం మేము మాత్రం తక్కువ తిన్నామా? జబ్బు నయమైతే చర్చికి పెయింటు వేయిస్తామని మొక్కుకుంటాం. ఆ తళతళలు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఈ ఊళ్ళన్నీ ఒక ఎత్తు, తిరుత్తణి పక్కన మా పుట్టింటి ఊళ్ళోని చిన్న చర్చి ఒక ఎత్తు. మా నాన్న బతికుండగా బోర్డులు రాసేవాడు. తిరుత్తణి కొండ కింద టెంకాయల అంగళ్ళకి నెమళ్ళు వేసిందీ ఆయనే, మా చర్చిలో వేదిక పక్క గోడ మీద బైబిల్లోని సమరయ స్త్రీని వేసిందీ ఆయనే. బావి గట్టున కూర్చున్న యేసు నీళ్ళడుగుతుంటే ఆమె కడవ పట్టుకుని ఇటు తిరిగి ఉంటుంది. ఆమెకి మా అమ్మ మొహం పెట్టాడు. నల్లటి మొహం, గడ్డం మీద పచ్చబొట్టు, పనిలో ఉంటే ఎవరురా పిలిచేది అన్నట్టు ఒక చూపు. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. ఉన్న ఒక్క ఫోటో వానకి తడిసి తెల్లకాగితమైంది. ఆ గోడని ఫోనులో తీద్దామంటే పక్క కిటికీ వెలుగుకి మొహం ముద్దగా పడేది. అమ్మని చూడాలంటే నాకు ఆ గోడ దగ్గరికి పోవడం తప్ప దారి లేదు.

పోయినేడు చర్చి లోపల గోడలన్నిటికీ టైల్సు వేస్తున్నారని తెలిసి పరుగు మీద పోయాను. సంఘంలో పెద్దదైన ఒక అక్క, మోకాళ్ళు పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది.

"చెమ్మకి గోడలు రాలిపోతాండాయి గదా పాపా, ఏం చేసేది?" అంది.

"మా అమ్మ మొహం ఇంకెక్కడా లేదక్కా," అన్నాను. పోట్లాడదామని పోయినదాన్ని, అందరి ముందూ ఏడ్చేశాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఏడవొద్దు. ఆ గోడ జోలికి టైల్సువాళ్ళని రానియ్యను. మీ అమ్మని నేను చూసుకుంటా, సరేనా?"

ఆ మాట నమ్ముకుని ఏడాది గడిపాను. ఈ క్రిస్మస్ ముందర ఆమే ఫోన్ చేసింది. "మోకాలి ఆపరేషను బాగైపోయినాది పాపా. నీకొకటి చూపించాల, వచ్చిపో."

పోయాను. మూడు గోడలకీ టైల్సు. నాలుగో గోడకి, అన్న మాట ప్రకారమే, వెయ్యలేదు. ఆ గోడ మీద ఎనామెల్ రంగులో ఒక తెల్లటి అమ్మాయి కడవ పట్టుకుని నవ్వుతోంది. ఎర్రటి పెదవులు, గులాబీ బుగ్గలు.

"నువ్వు ఆ పొద్దు ఏడిస్తివే, నా కడుపు తరుక్కపోయినాది," అంది అక్క. "కాలు బాగైతే మీ అమ్మకే రంగేయిస్తానని మొక్కుకున్నా. చెమ్మ పట్టిందంతా గీకించేసి, పుట్టీ పెట్టించి, చెన్నై పెయింటర్ని పిలిపించినా. గడ్డం మీద ఏందో మచ్చ ఉన్నింది, అది గూడా తీసేయించినా. ఎట్లుండాది మీ అమ్మ?"

గీకించేసింది. అంటే ఆ రంగు కింద కూడా ఏమీ లేదు. తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. ఆమె చేతికర్ర పక్కన పెట్టి, కొత్త మోకాలి మీద నిటారుగా నిలబడి, నా మొహంకేసి ఆశగా చూస్తోంది. నేనెవరి మీద పడి ఏడవను?

"బాగుందక్కా," అన్నాను.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాను. పచ్చబొట్టు గుర్తు తెచ్చుకోవాలని, ఆ విసుగు చూపు గుర్తు తెచ్చుకోవాలని చూశాను. గులాబీ బుగ్గలే వచ్చాయి. తిరువళ్ళూరు దాటింది, ఆవడి వచ్చింది, ఆ అమ్మాయి నవ్వుతూనే ఉంది. మా అమ్మ అలా నవ్వేది కాదే అనుకున్నాను. అనుకున్నానే గానీ, అమ్మ ఎలా నవ్వేదో నాకేం తెలుసు?