సారు కడిగిన కాఫీ మిషన్

మొన్న సాలూరులో మా అప్ప ఇంట్లో నేను చేసి వచ్చిన పని చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, తప్పేమీ లేదు. కొన్నాళ్లకు నేనూ నవ్వగలనేమో. ప్రస్తుతానికి మాత్రం ఎవరైనా నా ముందు చిన్న కప్పుతో కాఫీ పెడితే, తాగే ముందు దాన్ని వాసన చూస్తున్నాను.

అప్ప అంటే అక్క. మా వైపు అలాగే పిలుస్తాం. ఆమె భర్త, మా బావ, సాలూరు నుంచి ఘాట్ రోడ్డెక్కి ఒడిశా దాటి రాయపూర్ దాకా లారీ నడిపిన మనిషి. తిండిలో ఆయనకు కొలత తెలియదు. అన్నం మధ్యలో గుంట చేసి చారు పోయించుకునేవాడు. ఆ చారు గట్టు తెంచుకుని విస్తరి దాటితే తప్ప అప్ప చేతిలో గరిటె ఆగేది కాదు.

ఇప్పుడాయనకు కిడ్నీలు పనిచేయడం లేదు. ఒక పూట ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకుని వస్తాడు, ఒకటి రెండు రోజులు ఇంట్లో ఉంటాడు, మళ్లీ వెళతాడు. ఉప్పు మానిపించారు. పులుపు మానిపించారు. చింతపండు పేరు ఎత్తవద్దన్నారు. ఆయన తినలేనిది తానూ తినకూడదని అప్ప ఆ రోజు నుంచి చారు కాయడమే మానేసింది. వీటన్నిటినీ మించిన శిక్ష నీళ్లు. ఉదయమే అప్ప ఒక సీసా నింపి ఆయన మంచం పక్కన పెడుతుంది. రోజంతటికీ అదే. మాత్ర వేసుకునే గుక్క కూడా దానిలోంచే. సాయంత్రానికి ఆ సీసా అడుగున మిగిలిన నీళ్ల వంక ఆయన చూసే చూపు నేను ఒక్కసారి చూశాను. రెండోసారి చూడలేక, ఆ వేళకు ఏదో పని కల్పించుకుని వీధిలోకి వెళ్లిపోయేవాడిని.

ఆ ఇంటికి కాఫీ మిషన్ వచ్చింది ఈ దాహం మూలంగానే. నా మేనకోడలు సుజాత విశాఖపట్నంలో ఒక కాఫీ షాపులో పనిచేసేది. ఆ షాపు మూతపడినప్పుడు అక్కడి ఎస్ప్రెసో మిషన్లలో చిన్నదాన్ని కొని తెచ్చి వంటగది గట్టు మీద పెట్టింది. గ్లాసెడు పాలకాఫీ వాళ్ల నాన్నకు ఎలాగూ కుదరదు. ఎస్ప్రెసో అయితే బొటనవేలంత కప్పు, రెండే గుక్కలు. కానీ గ్లాసెడు కాఫీ రుచి ఆ రెండు గుక్కల్లోకే దిగి ఉంటుంది. డాక్టరు ఆ కప్పును చేతిలోకి తీసుకుని చూసి, ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున ఒకటి తాగవచ్చునని ఒప్పుకున్నాడట. అప్పటి నుంచి, చేతికి సూదులు గుచ్చించుకుని పడుకున్నంతసేపూ బావ తలచుకునేది ఆ కప్పునేనని అప్ప చెప్పింది.

లారీ నిండా సరుకు మోసిన మనిషి సుఖమంతా చివరికి బొటనవేలంత కప్పులో సర్దుకున్నది కదా అనిపించింది. ఇది ఒక వ్యాసానికి మంచి ప్రారంభమవుతుందని కూడా ఆ ఇంట్లో కూర్చునే అనుకున్నాను. ఎదుటివాడి దాహంలో తన వ్యాసాన్ని వెతుక్కునే మనిషికి ఆ తర్వాత జరిగినది జరగవలసిందే.

నేను వెళ్లేసరికి మిషన్ నీరసించి ఉంది. మీట నొక్కితే మూలుగుతోంది, చాలాసేపటికి బొట్లు బొట్లుగా దించుతోంది, ఆ దించినది కూడా గోరువెచ్చగానే ఉంటోంది. వాళ్ల వీధి బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. బిందెల అడుగున, కుళాయి మూతుల చుట్టూ తెల్లగా పేరుకునే ఆ పొరను మేము గార అంటాం. మిషన్ లోపలి గొట్టాలకు కూడా గార పట్టి ఉంటుందని సుజాత ఫోనులో చెప్పింది. పులుపు పొడి కలిపిన నీళ్లు లోపలికి పంపితే గార కరిగిపోతుందట. పొడికి ఆర్డరు పెట్టాననీ, ఆదివారం తానే వచ్చి చేస్తాననీ చెప్పి, చివర గొంతు కొంచెం పెంచి, “మావయ్యా, నువ్వు మాత్రం దాన్ని ముట్టుకోకు” అన్నది.

ఆమె చెప్పిన దాంట్లో నా మనసు పులుపు దగ్గరే ఆగిపోయింది. ఆ చివరి మాట నా చెవి దాకా వచ్చి, లోపలికి వెళ్లే దారి దొరకక తిరిగి వెళ్లిపోయింది.

అప్ప, బావ ఆసుపత్రికి వెళ్లారు. ఇంట్లో నేనొక్కడినే. మధ్యాహ్నానికి బావ తిరిగి వస్తాడు, కప్పు కోసం చెయ్యి చాస్తాడు, అందులో గోరువెచ్చని నాలుగు బొట్లు ఉంటాయి. ఆదివారం దాకా ఆయన ఎందుకు ఆగాలి? నేను ఆలోచించడం మొదలుపెట్టాను. నాకు ఆలోచన నెమ్మది. కానీ ఒకసారి బయలుదేరితే తప్పు ఊరికైనా సరే తప్పకుండా చేరుతుంది. పులుపు అనేది ఒక గుణం. గుణం పొడిలో ఉంటే ఏమి, పండులో ఉంటే ఏమి? మా అమ్మ పండగ ముందు ఇత్తడి బిందెలను దేనితో తోమేది? చింతపండుతో. అవి ఎలా మెరిసేవి? బంగారంలా. మిషన్ లోపల ఉన్నదీ లోహమే కదా. ఇంత చక్కగా కుదిరిన తర్కం నా రచనల్లో కూడా అరుదు.

వంటగదిలోంచి వెలివేసిన చింతపండు పెరట్లో అంట్లు తోమే గట్టు కింద జాడీలో దొరికింది. ఇత్తడి సామాన్లకని అప్ప దాచిన పాత చింతపండు, నిల్వ ఉండటానికి ఉప్పు వేసి తొక్కినది. గుప్పెడు తీసి వేడినీళ్లలో నానబెట్టి పిసికాను. పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టాను. నా జాగ్రత్తకు నాకే ముచ్చటేసింది. ఆ రసాన్ని మిషన్ వెనక నీళ్ల తొట్టెలో పోసి మీట నొక్కాను.

మిషన్ మూలిగింది. కొంతసేపటికి గొట్టం చివర గోధుమరంగు ధార మొదలైంది. చూడటానికి అచ్చం కాఫీయే. దానితో పాటు తెల్లటి పెళ్లలు నాలుగైదు రాలి గిన్నెలో పడ్డాయి. గార! ఆ పెళ్లలను చూసి నేను పొందిన ఆనందం నా పుస్తకాలు అచ్చయి వచ్చిన రోజున కూడా పొందలేదు. మిగతా రసాన్ని లోపలే కాసేపు నానబెట్టి, ఆ తర్వాత మంచినీళ్లు పోసి కడగడం మొదలుపెట్టాను. ధార ఇంకా లేతగోధుమరంగులోనే ఉంది. తేటగా వచ్చేదాకా కడగాలన్న బుద్ధి నాకు ఉన్నది. ఆ మాట నమ్మండి.

అప్పుడే వాళ్లు వచ్చారు. అప్ప స్నానానికి వెళ్లింది. బావ వంటగది గుమ్మం పక్క కుర్చీలో కూలబడి కళ్లు మూసుకున్నాడు. పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. చెంబుతో నీళ్లు పోస్తున్నాను, అవి గిన్నెలోకి కారుతున్నాయి, నిండిన గిన్నెను తూములో కుమ్మరిస్తున్నాను. మళ్లీ చెంబు ముంచుతుంటే వెనక నుంచి ఆయన నెమ్మదిగా అన్నాడు: “ఎన్ని నీలు పారబోత్తన్నావురా.”

కోపంగా అనలేదు. నీళ్లు పారే చప్పుడు ఇష్టమైనవాళ్ల గొంతు విన్నట్టు వింటున్నాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు, గుటక వేశాడు. ఆ గుటకలో ఏమీ లేదు.

నేను చెంబు కింద పెట్టేశాను. దాహంతో ఉన్న మనిషి ఎదుట చెంబులకొద్దీ నీళ్లు తూములో పొయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఇంత కడిగింది చాలులే అనుకున్నాను. జరిగిన అనర్థానికి కారణం నా తెలివితక్కువతనమేనని అందరూ అంటున్నారు. కాదు. తెలివితక్కువతనం సగం దూరమే తీసుకువెళ్లింది. మిగతా సగం జాలి నడిపింది.

కొండ మీద పండిన కాఫీ పొడిని మిషన్‌కుండే చిన్న గిన్నెలో నింపి, బిగించి, మీట నొక్కాను. ధార చక్కగా దిగింది. పొగలు, పైన నురగ. కప్పు తీసుకువెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఒక గుక్క తాగాడు. నాలుక చప్పరించి ఒక్క మాట అన్నాడు.

“సారు.”

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. విజయనగరంలో నేను చాలా ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పాను కనుక ఊరంతా నన్ను సారు అంటుంది. బావ మాత్రం ఏనాడూ అనలేదు. ఆయనకు నేను ఎప్పుడూ ‘ఒరే’నే. అందుచేత ఆ మాటకు నా గుండె ఉప్పొంగింది. మిషన్ బాగు చేసినందుకు ఇన్నాళ్లకు గౌరవం దక్కింది కాబోలు అనుకుని, “నన్ను సారు అంటావేమిటి బావా, నేను చేసిందెంత” అన్నాను.

“నిన్ను కాదురా,” అన్నాడాయన, కప్పు వైపు చూపిస్తూ. “ఇది సారు.”

‘చ’ను ‘స’గా పలకవద్దని జీవితమంతా పిల్లలకు చెప్పినవాడిని. చారు అనే అర్థం నాకు తట్టడానికి చాలా సమయం పట్టింది. తట్టేసరికి ఆయన రెండో గుక్క కూడా తాగేశాడు. కప్పు అంచున నిలిచిన చుక్కను వేలితో తీసి నాకాడు. పులుపు, ఉప్పు, వేడి. ఆ మనిషి నాలుకకు ఎన్నాళ్లుగానో ఎవరూ ఇవ్వనిదంతా బొటనవేలంత కప్పులో పోసి నేను ఇచ్చాను. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఒంట్లోంచి నీళ్లు బయటకు వెళ్లే దారి అదొక్కటే మిగిలింది ఆయనకు.

తడి తలతో అప్ప వచ్చింది. గాలి పీల్చింది. మిషన్ పక్కన చింతపండు పిప్పి ఉన్న గుడ్డను చూసింది. గట్టు మీద నేను మరచిపోయిన జాడీ మూతను చూసింది.

“ఒరే తమ్ముడా, మీ బావని సంపీడానికొచ్చినావేట్రా?”

అప్ప ఆసుపత్రి నర్సుకు ఫోను చేసింది. ఆవిడ మొదట ఏమీ అర్థం కాక, కాఫీలో చారు ఎలా వచ్చిందని రెండుసార్లు అడిగిందట. ఆ కాస్తకు భయపడనక్కర్లేదనీ, గుండె దడగా ఉన్నా కాళ్లూ చేతులూ పట్టు తప్పినా వెంటనే తీసుకురమ్మనీ, మళ్లీ మాత్రం చుక్క కూడా ఇవ్వవద్దనీ చెప్పింది.

ఆ సాయంత్రం నేను వీధిలోకి వెళ్లలేదు. ఆయనకు ఎదురుగా కూర్చుని, గోళ్ల వంకా పెదాల వంకా చూస్తూ ఉండిపోయాను. అవతల అప్ప కూర్చుంది. ఆ ఇంట్లో ప్రశాంతంగా ఉన్నది బావ ఒక్కడే. చీకటి పడే వేళకు సీసాలో మిగిలిన నీళ్ల వంక ఆయన చూడలేదు. నన్ను చూసి అన్నాడు:

“ఆసుపత్రోలు నన్ను కడిగినప్పుడు సింతపండెయ్యట్లేదు. నయం.”

అప్పకు నవ్వు వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. రెండింటినీ కొంగుతో అద్దుకుని లోపలికి వెళ్లింది.

ఆదివారం సుజాత వచ్చి మిషన్ విప్పింది. జల్లెడలో చింతపండు పీచు, దాన్ని పట్టుకుని గార. రెండూ కలిసి మట్టిగోడలా గట్టిపడ్డాయట. ఉప్పు తగిలితే లోపలి లోహాన్ని తినేస్తుందని, సగం రోజు కూర్చుని కడిగి, కొత్త పొడితో మళ్లీ కడిగి, బోరు నీళ్లకు బదులు ఫిల్టరు నీళ్లే పోయాలని గోడ మీద రాసి అంటించింది. ఆ రాత కింద, మిషన్ ముట్టుకోకూడనివాళ్లని నా పేరు రాసి, మళ్లీ మర్యాదకు కొట్టేసిందని తర్వాత తెలిసింది. ఇప్పుడు మిషన్ కొత్తదానిలా ఉంది. బావకు కప్పు వేడిగా, నిండుగా, అచ్చమైన కాఫీగా అందుతోంది.

నిన్న ఆయన నాకు ఫోను చేశాడు. కుశలం అడిగాడు. లారీ సంగతులు రెండు చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“ఒరే, మిసన్‌కి మల్లా గార పట్టీసిందిరా. ఎప్పుడొస్తావు?”

ఇన్నేళ్లుగా నేను రాసినదాన్ని మళ్లీ ఒకసారి కావాలని ఎవరూ అడగలేదు. నా చేతి వంటను అడుగుతున్నాడు ఈయన. రాలేనని చెప్పడానికి ధైర్యమూ లేదు, వస్తానని చెప్పడానికి హక్కూ లేదు. అంతలో ఫోనులో వెనక నుంచి అప్ప గొంతు వినిపించింది.

“ఇంట్లోకి సారు రాకూడదని సెప్పినానా, లేదా?”

ఏ సారు అని నేను అడగలేదు. ఆ ఇంట్లో ప్రస్తుతం ఇద్దరికీ ప్రవేశం లేదు.