చౌడుతో ఉతికిన గొంగడి

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్లు నిండి రెండు నెలలైన వారంలో, మా తాతయ్య గొంగడి ఉతికాను. మెచ్చుకుంటాడనే ఉతికాను.

వేములపల్లిలో మాకు డెబ్బై రెండు గొర్రెలుండేవి. గొర్రెలు కాసే మా ఇళ్లలో గొంగడిని దులిపి ఎండలో వేస్తారే తప్ప ఉతకరు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. "మంద కంటె ముందు మీ తాత వాసనే వస్తది" అని మేనమామ కూతురు ముక్కు మూసుకుని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. తాతయ్య పొరుగూరు వెళ్లిన రెండు రోజుల్లో, బట్టలుతికే చౌడుమట్టి వేసి, వేడినీళ్లలో మూడుసార్లు పిసికాను. జిడ్డు తెట్టెలా తేలింది. నాలుగోసారి జాడిస్తే నీళ్లు తేటగా వచ్చాయి.

తిరిగొచ్చిన మర్నాడు, మబ్బు పట్టిందని తాతయ్య ఆ గొంగడిని హడావిడిగా భుజాన వేసుకుని మంద వెంట వెళ్లాడు. మధ్యాహ్నం ఒక గొర్రె రెండు పిల్లల్ని ఈనింది. అంతలోనే వాన. ఒక పిల్లను తాతయ్య, ఇంకో పిల్లను మా చిన్నతాత తమ తమ గొంగళ్లలో చుట్టుకుని రెండు మైళ్లు నడిచి వచ్చారు. చిన్నతాత గొంగడి విప్పగానే పొడిగా ఉన్న పిల్ల అరిచింది. తాతయ్య గొంగడి విప్పితే నీళ్లు కారాయి. పిల్ల మెడ వాలిపోయి ఉంది.

ఉతికింది నేనేనని ఎలాగో చెప్పాను.

తాతయ్య కొట్టలేదు. చెంబు తీసుకుని చిన్నతాత గొంగడి మీద నీళ్లు చిలకరించాడు. చుక్కలు గుండ్రంగా నిలిచి దొర్లిపోయాయి. నేను ఉతికినదాన్ని ఎత్తమన్నాడు. రెండు చేతులతో పట్టినా లేవలేదు.

"అది మురికి గాదు బిడ్డా. గొర్రె ఒంటి కొవ్వు. నీళ్లను ఆపేది గదే."

2012లో, మిర్యాలగూడలో ఇంటర్ చదివే నా మనవరాలు పాఠం పైకి చదువుతోంది. ప్రతి కణం చుట్టూ కొవ్వు అణువులు రెండు వరుసలుగా నిలబడి పొర కడతాయట. లోపలిది బయటకు కారకుండా, బయటిది ఇష్టమొచ్చినట్టు చొరబడకుండా కాస్తాయట. రాకపోకలకు మధ్యలో ప్రోటీన్లు తలుపుల్లా ఉంటాయట. సబ్బు తగిలితే ఆ పొర చెదిరి కణం చస్తుందట.

నా చేతిలోని చాట జారి బియ్యం నేలపాలయ్యాయి. మళ్లీ చదవమన్నాను.

"ఏమైంది నానమ్మా, గట్ల సూస్తున్నవ్?"

"మన ఒంట్ల గూడ గొంగళ్లేనా?"

"కోట్లు ఉంటయి. నీ లెక్కకు గూడ అందవు."

తాతయ్య ఆ తర్వాత నేయించుకున్న గొంగడి ఇప్పుడు నా పెట్టెలో ఉంది. దానికి సబ్బు తగలనివ్వను. ఏటా తొలి వాననాడు దాని మీద పుడిసెడు నీళ్లు చల్లి, నిలిచిన చుక్కలు లెక్కపెడతాను. ఈ ఏడు పందొమ్మిది. చిన్నప్పుడు మీకెన్ని గొర్రెలుండేవని ఎవరైనా అడిగితే మాత్రం డెబ్బై నాలుగు అంటాను. ఆ రోజు ఇంటికి ప్రాణంతో చేరినవి డెబ్బై మూడే.