సింకులో పోసిన రెండు చెంచాలు

మా ఇంట్లో మా వదినను మొండిమనిషి అంటారు. ఆవిడ పోయి ఏళ్ళు గడిచినా అంటూనే ఉన్నారు. ఆ మాట వినబడినప్పుడల్లా నేను మాట మారుస్తాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. ఇంట్లోవాళ్ళకు చెప్పే ధైర్యం ఇన్నేళ్ళలో రాలేదు. ఇక వస్తుందన్న ఆశా లేదు.

వదిన అంటే మా ఆయన అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి, తమ్ముణ్ణి ఇక్కడికి తెచ్చి చదివించింది. రొమ్ము క్యాన్సరు ఎముకలకు పాకాక ఆవిడను ఢిల్లీ పక్కనే వైశాలిలో ఉన్న మా ఫ్లాటుకు తెచ్చుకున్నాం. మెట్రో ఇంకా అటు రాని రోజులవి. నేను నోయిడాలో ఒక కంపెనీలో పనిచేసేదాన్ని.

నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాశారు డాక్టరు. వాటితోపాటు రోజూ రాత్రి భోజనం తర్వాత, విరేచనం సాఫీగా అయ్యేందుకు, రెండు చెంచాల తియ్యటి సిరప్. ఈ మాత్ర పేగుల కదలికను మందగింపజేస్తుందట. లోపలిది కదలక, అందులో నీరంతా ఇంకిపోయి, రాయిలా గట్టిపడుతుందట. వికారం, మగత నాలుగు రోజుల్లో అలవాటైపోతాయి గానీ పేగులకు మాత్రం అలవాటు కాదు, మాత్ర ఉన్నన్నాళ్ళూ సిరప్ ఉండాల్సిందేనని రెండుసార్లు చెప్పారు. నేనే తలూపాను. అర్థం కాలేదని తప్పించుకునే వీలు కూడా లేదు నాకు.

సిరప్ పోస్తే దాని పని మర్నాడు పొద్దున. మా అపార్టుమెంటు సొసైటీలో నీళ్ళు ఆరింటికొచ్చి ఏడింటికి పోయేవి. నా క్యాబ్ ఏడుంపావుకి. ఉన్నది ఒకటే బాత్రూమ్. వదిన ఒంటరిగా నడవలేదు. లేపాలి, కూర్చోబెట్టాలి, కడగాలి, ఒక్కోరోజు దుప్పట్లు కూడా. ఈలోగా పాప స్కూలు బ్యాగు, కింద నుంచి డ్రైవరు మిస్డ్ కాల్ మీద మిస్డ్ కాల్. మా ఆయన సగం రోజులు టూర్లలో, తక్కిన సగం అద్దం ముందు. అబ్బ, ప్రాణం విసిగిపోయేది! ఒక సోమవారం నా కళ్ళముందే క్యాబ్ వెళ్ళిపోయింది. ఆఫీసులో మేనేజరు అందరి ముందూ కడిగేశాడు.

ఆ రాత్రి రెండు చెంచాల సిరప్ సింకులో పోశాను.

సింకులో ఎందుకంటారా? సీసాలో మందు తగ్గకపోతే మా ఆయన గమనిస్తాడు కదా. విసుగులో చేశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. విసుగులో ఉన్న మనిషికి అంత ముందుచూపు ఎక్కడిది?

మర్నాడు పొద్దున ఎంత హాయిగా ఉందో! టీ వేడివేడిగా తాగాను. ఒక్క రోజే అనుకున్నది వారమైంది, రెండు వారాలైంది. శనివారం మాత్రం ఆవిడకు పట్టేదాన్ని, ఆదివారం సెలవు కాబట్టి. పేగులకు నా సెలవులు తెలుస్తాయా? ఛీ, చదువుకున్నదాన్ని!

వదిన పొట్ట గట్టిపడింది. తిన్నది వాంతి అయ్యేది. తన తిండి వల్లే అనుకుని ముందు పప్పు మానేసింది, తర్వాత అన్నమే మానేసింది. నేను చూస్తూనే ఉన్నాను. ఒక ఆదివారం మంచం మీద నుంచే అడిగింది.

"అమ్మాయ్, ఆ తియ్యటి మందు రోజూ ఇవ్వట్లేదేం?"

"డాక్టరే తగ్గించమన్నారు వదినా."

"అచ్ఛా. ఠీక్ హై." పొట్ట మీద దుప్పటి పక్కకు తోసింది. "అయితే ఆ మాత్రే మానేస్తాలే. నొప్పి ఎలాగోలా ఓర్చుకుంటా. ఈ ఉబ్బరం మాత్రం నా వల్ల కాదమ్మా. నీక్కూడా పొద్దున్నే హడావిడి తప్పుతుంది."

ఆ చివరి మాట ఎందుకంది? తెలిసే అందా? తెలిస్తే నిలదీయొచ్చు కదా, తమ్ముడితో చెప్పొచ్చు కదా! ఇప్పటికీ ఆవిడ మీద కోపం వస్తుంది. వెంటనే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నేను మంచినీళ్ళ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆవిడ మాత్రలు మానేసింది. మా ఆయన బతిమాలాడు, అరిచాడు, మొండితనమన్నాడు. వదిన ఒకసారి నా వైపు చూసి కళ్ళు మూసుకుంది. చివరికి ఆసుపత్రికి తీసుకెళ్తే, నర్సు గ్లవుజు వేసుకుని గట్టిపడినదాన్ని వేలితో తీయాల్సి వచ్చింది. పరదా ఇవతల నేను నిలబడి విన్నాను. జీవితమంతా ఇస్త్రీ చెదరని చీర కట్టుకుని ఆఫీసుకు వెళ్ళిన మనిషి, చిన్నపిల్లలా ఏడ్చింది. సిరప్ రోజూ ఇస్తున్నారా అని డాక్టరు అడిగితే, ఇస్తున్నానన్నాను.

ఆ తర్వాత ఒక్క పూట మానలేదు. ఏం లాభం? మాత్రంటేనే ఆవిడకు భయం పట్టుకుంది. నాలుగు వేసుకోవాల్సిన చోట ఒకటి వేసుకునేది, అదీ బతిమాలితే. ఐదు వారాలు నొప్పితో మెలికలు తిరిగి పోయింది. ప్రాణం తీసింది జబ్బే, నాకు తెలుసు. కానీ ఆ నొప్పి? దానికి మందు ఉంది. ఆ మందంటే భయం పుట్టించింది నేను.

పైగా చుట్టాల ఫోన్లు! సొంత చెల్లెలు కూడా ఇంత చేయదని పొగడ్తలు. ఒళ్ళు మండిపోయేది. అయినా వద్దనలేదు, వింటూ కూర్చున్నాను.

పోయిన నెల ఆవిడ తద్దినం. విస్తరి ముందు కూర్చుని మా ఆయన ఎప్పటిలాగే అన్నాడు, మా అక్క మొండిది, మాత్ర వేసుకుని ఉంటే హాయిగా వెళ్ళిపోయేదని. మా అమ్మాయి తలెత్తి, బువా అంత జిద్దీయా, అత్త అంత మొండిదా అని హిందీలో నన్నడిగింది. అందరూ నా వైపు చూశారు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకో గారె వెయ్యనా అన్నాను.

అక్కడ అనలేనిది ఇక్కడ రాస్తున్నాను. మీరు క్షమించాలని కాదు, క్షమించాల్సిన మనిషి లేదు. రాస్తుంటే మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.

మా వదిన మొండిది కాదు. మందు నేను సింకులో పోశాను.