సుంకమ్మ పెట్టిన రాయి

ఈ మాట పదకొండేళ్లుగా నా గొంతులోనే ఉండాది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు.

ఇది చదివే మీరెవరో నాకు తెలీదు. తెలీకపోవడమే మేలు. తెలిసినవాళ్ల ముందర ఇది చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. నా పేరు రాయను. ఆమె పేరు మాత్రం రాస్తాను. సుంకమ్మ. ఎక్కడా లేకుండా నేను చేసిన పేరు అది. ముందు అదొక్కటన్నా ఈడ ఉండనీ.

నేను ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి. అనంతపురంలో రైల్వే గేటు అవతల, ఎరువులంగడి పైన మిద్దెలో మా ఆఫీసు. ఏడుమందిమి. బ్రౌజరు తెరిస్తే చాలు, దాంట్లోనే ఉత్తరాలు రాసుకునేదానికి, పట్టీలు గీసుకునేదానికి పనికొచ్చే సాఫ్ట్‌వేరు చేస్తాంటిమి. కంప్యూటర్లోకి ఏదీ ఎక్కించుకునే పని లేదు. తెలుగులో రాయొచ్చు. ఒకే కాగితాన్ని ఇద్దరో ముగ్గురో, ఎవరి ఊర్లో వాళ్లు కూర్చోని, ఒకేసారి రాయొచ్చు. మా సార్ ఊరంతా చెప్పుకోని తిరిగిన మాట అది. ఆ చివరి ముక్కే మా కొంప ముంచింది.

ఎందుకో చెప్తాను, కష్టమేమీ లేదు. నేను రాసిన పద్ధతిలో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంటాది. ఇది పదునాలుగో తావు, ఇది పదైదో తావు అని. ఒక్కరే రాస్తే బంగారం. ఇద్దరు రాస్తే? నేను పదునాలుగో తావులో అక్షరం పెట్టేలోపల అవతలి మనిషి మొదట్లో ఒక మాట చేర్చింటాడు. నా పదునాలుగు ఇప్పుడు ఇరవై. ఆ సంగతి నా మిషనుకు తెలీదు. నా అక్షరం పొయ్యి ఆయన మాట నడిమధ్యలో పడేది. తెలుగు కదా, నా ఒత్తు పొయ్యి ఆయన అక్షరానికి తగులుకునేది. ఇంక మన పల్లెల్లో నెట్టు సంగతి తెలిసిందే, పోయిందంటే గంటకు వస్తాది. ఆ గంటలో ఇద్దరూ రాసింది ఒకచోట కలిపితే కలగూరగంప అయ్యేది.

మూడు నెలలు తల బాదుకున్నాను. సార్ ఒకరోజు తేల్చి చెప్పినాడు. పది రోజుల్లో కుదరకపోతే ఈ పని మూసేస్తానని, రాసి చూసేవాళ్లను ఇంటికి పంపిస్తానని.

రాసి చూసేవాళ్లు ఇద్దరు. మేము చేసింది రోజంతా వాడి తప్పులు పట్టుకునేది వాళ్ల పని. ఆ ఇద్దర్లో ఒకామె సుంకమ్మ. విడపనకల్లు దగ్గర పల్లె వాళ్లది. ఇంట్లో అందరూ కూలికి పొయ్యేవాళ్లే, డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. ఈ ఉద్యోగం పోతే మళ్లీ శెనక్కాయ చేన్లోకే అని ఆమెకు తెలుసు, మాకందరికీ తెలుసు. నన్ను అన్నా అని పిలిచేది. తప్పు పట్టిందంటే పట్టినట్లే. నాకు ఆమె మీద అప్పట్నుంచే లోపల ఎక్కడో కొంచెం మంట ఉండిందేమో. ఇప్పుడు ఆలోచిస్తే ఉండింది.

ఆ పది రోజుల్లోనే వాళ్ల ఊరికి పోవాల్సి వచ్చింది. ఆడ బడిలో అయ్యవార్లు మా సాఫ్ట్‌వేరు వాడి చూస్తాంటిరి. ఇద్దరమూ బండి మీద పోయినాము. మిట్టమధ్యాన్నం. బడి ముందర రోడ్డు పొడుగునా బిందెలు. స్టీలువి, ప్లాస్టిక్కువి, మూతి సొట్టపోయినవి, అరవై డెబ్బై ఉంటాయి. నీళ్ల ట్యాంకరు ఇంకా రాలేదు. ఒక్క మనిషి లేదు. మధ్య మధ్యలో బిందె లేని చోట ఒక్కో రాయి పెట్టి ఉండాది.

"ఈ బిందెలకు కాపలా ఎవరూ లేరా?" అన్నాను.

"ఎందుకన్నా?"

"వరస తప్పితే? ఎవరిది ఎన్నో నంబరో ఎట్ల తెలుస్తాది?"

సుంకమ్మ నవ్వింది. "నంబరు ఎవురు పెట్టుకుంటారన్నా? నాది ఎవురి ఎనకో అంతే గుర్తు. మాయమ్మది లచ్చుమక్క బిందె ఎనక. ముందర ఎంతమంది చేరినా, ఎంతమంది పోయినా మాయమ్మకేం పని? లచ్చుమక్క ఎనక, అంతే."

"ఇద్దరు ఒకేసారి వచ్చి లచ్చుమక్క ఎనక పెడితే?"

"పెద్దామె ముందర. దానికి పంచాయితీ ఏముండాది?"

"మరి లచ్చుమక్క తన బిందె తీసుకోని పోతే? మీయమ్మ ఎవరి ఎనక అని చెప్పుకుంటాది?"

"అందుకే కదా రాయి." ఆ రాయిని కాలితో చూపించింది. "బిందె తీసినోళ్లు ఆ తావులో రాయి పెట్టి పోవల్ల. రాయికి నీళ్లు పట్టరు. కానీ తీయరు. ఎనకుండేవాళ్లంతా పట్టుకునేదాకా రాయి ఉంటాది. అదన్నా పద్ధతి."

నేను ఆ ఎండలో అట్లే నిలబడిపోయినాను.

మీకు ఎట్ల చెప్పల్ల ఆ నిమిషం? మూడు నెలలు నేను వెతికింది ఆ రోడ్డు మీద వరసగా ఉండాది. నంబరు వద్దు, ఎవరి వెనకో చెప్తే చాలు. తుడిచేసిన అక్షరాన్ని పారేయొద్దు, దాని తావులో రాయి పెట్టు. ఇద్దరు ఒకే చోట రాస్తే ఎవరు ముందో ఒక కట్టుబాటు పెట్టుకో. నెట్టు పోనీ, గంటకు రానీ, రెండు దినాలకు రానీ, ఎవరి అక్షరం వాళ్ల తావులోనే పడతాది. ఎన్ని కరువులు చూసి, ఎన్ని బిందెలు తన్నుకోని ఆ ఊరి ఆడవాళ్లు దీన్ని కనిపెట్టింటారు? చదువు రాని వాళ్లు, ఒక్క కాగితం లేకుండా, ఒక్క కాపలా లేకుండా. నాకు ఒళ్లు జలదరించింది. చెప్పుకుంటే సిగ్గు, మా ఇంట్లో బోరుండేది. బిందె వరసలో పెట్టే పని మా ఇంటి ఆడవాళ్లకు ఎప్పుడూ రాలేదు. అందుకే నా చదువంతా నాకు ఇది నేర్పలేకపోయింది.

ఆరు రోజుల్లో రాసినాను. ఏడో రోజు పొద్దున సుంకమ్మను ఒక కంప్యూటరు ముందర కూర్చోబెట్టి, నేను ఇంకొకదాని ముందర కూర్చున్నాను. ఈ పద్ధతిలో తెరిచిన మొదటి కాగితం అదే. ఏం రాయల్లన్నా అంటే, ఆ బిందెల సంగతే రాయి అన్నాను. ఆమె రాస్తాండాది, నేను పక్కనే ప్రోగ్రాము అదెట్ల చేస్తాదో రాస్తాండాను. తెర మీద రాసే చోటు చూపించే గీత ఆమెది నీలం, నాది ఎరుపు, ఎవరి అక్షరాలు వాళ్ల గీత రంగులోనే. నెట్టు వైరు పీకేసినాము. ఇద్దరమూ గుడ్డిగా రాసుకుంటా పోయినాము. ఇద్దరమూ ఒకరి మాటల నడుమ ఒకరు కావాలనే దూర్చినాము. మళ్లీ వైరు పెట్టినాను.

ఒక్క అక్షరం తప్పలేదు. రెండు తెరల మీదా ఒకే కాగితం. ఒత్తులు, గుణింతాలు, అన్నీ ఎవరివి వాళ్లకే. సుంకమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. ఆ కాగితంలో నీలం రంగువి పద్నాలుగు వరసలు. వాటిలో లచ్చుమక్క ఉండాది, రాయి ఉండాది, పెద్దామె ఉండాది. అంతా ఆమె మాటల్లో.

సార్ మధ్యాన్నం చూసేదానికి వస్తానన్నాడు.

ఆయన వచ్చేలోపల నేను ఆ పద్నాలుగు వరసలు తుడిచేసినాను. ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగినానో. కాగితం నీటుగా కనపడల్లని అనుకున్నాను అని చాన్నాళ్లు చెప్పుకున్నాను. అబద్ధం. మూడు నెలలు నాకు చేతకానిది కూలికి పొయ్యేవాళ్ల బిడ్డ నడిరోడ్డు మీద రెండు మాటల్లో చెప్పిందని సార్‌కు తెలియడం నాకు ఇష్టం లేదు. కూలికి పొయ్యేవాళ్ల బిడ్డ అని అప్పుడు నా మనసులో వచ్చిన మాటే రాస్తాండాను. దాన్ని అందంగా మార్చి చెప్తే ఈ రాసేదానికి అర్థమే లేదు.

సార్ చూసినాడు. కుర్చీలోంచి లేసి నా భుజం పట్టుకోని, "ఎట్ల తట్టిందప్పా నీకు?" అన్నాడు.

"ఊరికే తట్టింది సార్," అన్నాను. సుంకమ్మ నాలుగడుగుల దూరంలో ఉండింది. వినింది.

సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చి, "అన్నా, ఆ కాగితంలో నా రాత కనపడల్యా," అని మెల్లగా అడిగింది. పాత కాపీ కదా, పోయింటాదిలే అన్నాను. ఒక్క అక్షరం తప్పలేదని పొద్దున ఆమె కండ్లారా చూసింది. సరేన్నా అని పోయింది.

ఆడికి ఆగింటే పాపం చిన్నదే అనుకుందును. నెల తిరగకముందే ఒక పెద్ద కంపెనీ మా సాఫ్ట్‌వేరును తీసుకుంది. ఎవరెవర్ని వాళ్లతో పాటు పెట్టుకోవల్నో చెప్పమని సార్ ఆ పని నాకే ఇచ్చినాడు. నేను ఐదు పేర్లు రాసిచ్చినాను. ఆమె పేరు రాయలేదు. ఏదో ఒకరోజు ఎవరి ముందరైనా నోరు జారి బిందెల సంగతి చెప్తాదేమో అని భయం. చెప్పే మనిషి కాదని తెలుసు. అయినా భయం. ఆమె ఉద్యోగం నిలబెట్టాల్సిన ఉపాయం అది, ఆ ఉపాయం కుదిరినందుకే ఆ ఉద్యోగం పోగొట్టినాను. దొంగతనం కంటే ఇది పెద్దది కాదా? చివరి రోజు కుర్చీ టేబులు కిందికి నెట్టి, పోయొస్తానన్నా అని చెప్పి మరీ పోయింది.

ఆ తర్వాత నేను బాగుండాను. ఇల్లు కట్టినాను. లక్షలమంది మా దాంట్లో రాసుకుంటాండారు. ఎవరు ఏ అక్షరం కొట్టినా లోపల అది ఇంకొక అక్షరం వెనక పొయ్యి నిలబడతాది. తుడిస్తే రాయి అవుతాది. అన్ని కాగితాల్లో విడపనకల్లు పక్క పల్లె రోడ్డు పరుచుకోని ఉండాది, ఎవరికీ తెలీదు.

రాళ్లు పెరిగి పెరిగి బరువైతే పాతవి ఊడ్చేసే ప్రోగ్రాము కూడా నేనే రాసినాను. ఊడ్చే చీపురు తగలకుండా ఒక్క కాగితాన్ని మాత్రం పక్కన పెట్టినాను. ఆ మొదటి కాగితం. దాంట్లో పద్నాలుగు వరసల రాళ్లు, ప్రతి రాయి కిందా పాత అక్షరం, దాన్ని కొట్టిన చెయ్యి ఎవరిదో గుర్తు. ఊడ్చేస్తే నాకు దిగులే ఉండదు కదా? ఊడ్చలేకపోయినాను. ఎనకుండేవాళ్లంతా పట్టుకునేదాకా రాయి తీయకూడదు. అది ఆమె చెప్పిన పద్ధతి.

పోయిన ఆషాఢంలో బళ్లారికి పోతా విడపనకల్లులో ఆగినాను. కావాలని ఆగలేదు, బండి టైరు పంచరైంది. ఎదురుగా జిరాక్సులు తీసే చిన్న అంగడి. ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా పెడతారని బోర్డు. లోపల సుంకమ్మ. కొంచెం లావైంది. కండ్లద్దాలు వచ్చినాయి. తెర మీద మా సాఫ్ట్‌వేరే, తోటల్లోకి చీనీ మొక్కలు కావాల్సిన రైతుల పేర్ల పట్టీ. బెళుగుప్ప ఊర్లో కూర్చోని ఇంకెవరో అదే పట్టీలో రాస్తాండారు, రెండో గీత కదలడం నాకు కనపడతాంది. వాళ్ల చెయ్యి తగిలిందేమో, ఉన్నట్టుండి ఒక పేరు మాయమైంది. పక్కనే నిలబడిన పెద్దాయన బిక్కచచ్చిపోయినాడు.

"నా పేరు పాయెనే పాపా," అన్నాడు.

సుంకమ్మ తల కూడా తిప్పలేదు. "పోదులే పెద్దాయనా. తుడిచినా తావు పోదు. ఆడ రాయి ఉంటాది," అనింది. రెండు మీటలు నొక్కింది. ఆయన పేరు ఆయన తావులోనే వచ్చి కూర్చుంది.

లోపల రాయి ఉంటాదని ఆ ప్రోగ్రాము రాసినవాళ్లకు తప్ప ఎవరికీ తెలీదు. ఆమెకు తెలుసు. తన పద్నాలుగు వరసలు యాడ ఉండాయో ఆమెకు ఈ పదకొండేళ్లూ తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నన్ను చూసింది. "అన్నా, బాగుండావా? రా, కూర్చో," అని కుర్చీ తుడిచి, చెంబుతో నీళ్లిచ్చింది. తాగినాను. చెప్పల్లని నోరు తెరిచినాను. ఎండలు జాస్తిగా ఉండాయి అన్నాను. టైరు అతికించినారు, వచ్చేసినాను. అంత మొగోణ్ణి నేను.

ఈ రోజు ఆ మొదటి కాగితం తెరిచినాను. రాళ్లు తీసి అక్షరాలు మళ్లీ నిలబెట్టినాను. నీలం రంగులో, ఆమె కొట్టిన తప్పులతో సహా, పద్నాలుగు వరసలూ లేసి నిలబడినాయి. మళ్లీ ఒళ్లు జలదరించింది. వాటి కిందనే నేను ఇదంతా రాస్తాండాను. మొదట్లో లేదన్న ధైర్యం రాసినాక వచ్చింది, మీతో పాటు పెద్ద కంపెనీ వాళ్లకూ, మా పాత సార్‌కూ, సుంకమ్మకూ ఈ కాగితం తెరిచే వీలు ఇచ్చినాను. ఆమె తెరుస్తాదో లేదో తెలీదు. తెరిచినా ఏమంటాదో తెలీదు. ఏమీ అనకపోవచ్చు. క్షమించమని అడిగేదానికి నాకు నోరు లేదు, అడగను. కానీ రాసేకొద్దీ గొంతులో ఉండేది కొంచెం కొంచెంగా కిందికి దిగుతాంది.

ఇంక ఎవరైనా ఎట్ల తట్టిందప్పా నీకు అని అడిగితే చెప్పేది ఒకటే ఉండాది. నాది సుంకమ్మ బిందె ఎనక.