నూకరాజు అల్లిన డిష్

సరిహద్దు పోస్టు చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. అక్టోబరు ఆఖరు. లారీ కిందనే ఆగిపోయింది. అక్కణ్ణుంచి నాలుగు గంటల నడక. వీపు మీద సంచీ, స్లీపింగ్ బ్యాగు, రైఫిలు, వాటి మీద నా రేడియో సామాను. మాది పెద్దాపురం. కొండంటే పాండవుల మెట్ట ఎక్కడమే తెలిసినవాణ్ణి. లద్దాఖ్‌లో ఆ ఎత్తున నాలుగడుగులు వేస్తే ఛాతీ పట్టేసేది.

పోస్టంటే ఏదో కోట అనుకునేరు. రాళ్లు పేర్చి, మట్టి బస్తాలు కప్పిన మూడు బంకర్లు, ఒక వంటిల్లు, ఒక సామాన్ల కొట్టు. చుట్టూ రాయి, మంచు, గాలి. చెట్టన్నది లేదు. కాలవ గట్టు మీద పెరిగినవాడికి రోజుల తరబడి ఒక్క పచ్చటి ఆకు కనపడకపోతే ఎలా ఉంటుందో మీకు చెప్పినా అర్థం కాదు లెండి. ఊపిరందక ఒక రాతి మీద కూలబడ్డాను. ఎవరో వచ్చి స్టీలు గ్లాసుతో టీ చేతిలో పెట్టారు.

"నెమ్మదిగా తాగండి సార్. మనోళ్లేనంట కదండీ. మాది ఉప్పాడండి."

ఆ కొండ మీద ఆ 'అండి' వినేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వాడే నూకరాజు. మా లాంగ్రీ, అంటే పోస్టుకి వంటవాడు. చేపల వేటకెళ్లే ఇంట్లో పుట్టి, సముద్రం వద్దనుకుని సైన్యంలో చేరాడు. నేను సిగ్నల్స్ హవల్దారుని. రేడియోలు, టెలిఫోను తీగలు, బ్యాటరీలు నా డ్యూటీ. తెలుగువాళ్లం మేమిద్దరమే. మిగతావాళ్లు గఢ్వాల్, పంజాబ్ కుర్రాళ్లు. పోస్టు కమాండరు ఒక సుబేదార్ సాబ్. మాట తక్కువ, మీసం ఎక్కువ.

ఇప్పుడక్కడ సెల్ టవర్ పెట్టారంటున్నారు. మా హయాంలో లేదు. ఇంటికి మాట్లాడాలంటే ఒక్కటే శాటిలైట్ ఫోను. ఆదివారం పొద్దున్న, మనిషికి అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల కోసం వారమంతా బతికేవాళ్లం. నూకరాజు మాత్రం బావమరిదితో "ఏరా, అందరూ బాగున్నారా? ఇల్లు బాగుందా? సరే" అని పెట్టేసి, మిగిలిన టైము కొత్తగా పెళ్లయిన పంజాబీ కుర్రాడికి ఇచ్చేసేవాడు.

నాకు ఒళ్లు మండింది. ఒకరోజు వంటింట్లోకెళ్లి గదమాయించాను. "పెళ్లాంతో ఒక్క ముక్క మాట్లాడవేంట్రా? పోట్లాడి వచ్చావా?"

వాడు ఉల్లిపాయలు తరుగుతున్నాడు. తల ఎత్తలేదు. "మా ఇంటిదానికి మాట రాదండి. ఇనపడదు కూడానండి. పుట్టినకాడి నుంచీ అంతేనండి. ఫోన్లో ఏం మాటాడతానండీ?"

ఉల్లిపాయలు తీసుకుని నేనూ తరగడం మొదలెట్టాను.

ఆమె పేరు లోవలక్ష్మి. వాళ్ల ఆడవాళ్లంతా చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ కేకేసుకుంటూ అమ్ముతారు. ఈమె కేకెయ్యలేదు కదా. అందుకని చిన్నప్పుడే ఊళ్లో నేతవాళ్లింట్లో మగ్గం పనికి పెట్టారు. ఇప్పుడు జమ్దానీ చీర మీద పువ్వు వేస్తే ఆమే వెయ్యాలట. ఆ సంగతి చెప్పేటప్పుడు నూకరాజు ఛాతీ రెండంగుళాలు పెరిగేది. మొగుడూ పెళ్లాలిద్దరూ చేతులతో మాట్లాడుకుంటారు. వాళ్లిద్దరూ కల్పించుకున్న చేతిమాటలే అన్నీ. వాటిని నేర్చుకున్నది ఇంకెవరయ్యా అంటే వాళ్ల నాలుగేళ్ల పాప.

"సార్, మా ఇల్లు ఒడ్డునేనండి. నేనొచ్చేటప్పటికి సముద్రం పక్కింటోళ్ల అరుగుదాకా వచ్చేసిందండి. మా బామ్మర్ది వారం వారం అదే పాట. అంతా బాగానే ఉంది బావా, అంతా బాగానే ఉంది బావా. ఆడు నా కాడ ఏదో దాత్తున్నాడండి. దాని సేతులు సూత్తేగానీ నాకు నిజం తెలవదండి."

సెలవు వచ్చేది కాదు. మంచు పడి లద్దాఖ్ నుంచి బయటికెళ్లే దారి మూసేశారు.

డిసెంబరులో ఒక ఆదివారం ఫోను పెట్టేసి పరిగెత్తుకుంటూ నా దగ్గరకొచ్చాడు. ఆ ఎత్తులో పరిగెత్తకూడదని వాడికీ తెలుసు. వాళ్ల మగ్గాలని వీడియో తియ్యడానికి ఛానల్ వాళ్లు వస్తున్నారట. మన జిల్లాల సంగతులు వేసే చిన్న తెలుగు ఛానల్. బుధవారం తీస్తారు, పై ఆదివారం మధ్యాహ్నం వేస్తారు. "పాప సేత దానికి సెప్పించమన్నానండి, నేను సూత్తానని. సార్, మన టీవీలో తెలుగు వత్తాదాండీ?"

రాదు. మా చిన్న డిష్ పట్టేదంతా హిందీయే. మా తెలుగు ఛానల్ వేరే ఉపగ్రహం నుంచి వస్తుంది. దాని సిగ్నల్ పలచన. దాన్ని పట్టాలంటే పెద్ద డిష్ కావాలి, పాత రోజుల్లో మన మేడల మీద గొడుగు తిరగేసినట్టు ఉండేవే, అలాంటిది. కొత్తది కొనడం మా తరం కాదు. కొన్నా ఆ మంచులో మోసుకొచ్చేదెవరు?

అయితే సామాన్ల కొట్టు వెనకాల పాత గొడుగొకటి పడి ఉంది. మాకు ముందున్న యూనిట్ వదిలేసి పోయింది. ఇనప ఊచలు బాగానే ఉన్నాయి. సిగ్నల్ పట్టే ముక్కు తుడిచి పెడితే పనిచేసింది. ఊచల మీది తీగ జల్లెడ మాత్రం గాలికి చిరిగి సగం పోయింది. ఉచిత ఛానళ్లు పట్టే రిసీవర్ పెట్టె కోసం తలా కొంత వేసుకున్నాం. సోమవారం కింద బజారుకి దిగిన పోర్టరు గురువారం రేషనుతో పాటు దాన్ని తెచ్చాడు. తెలుగు ముక్క రాని కుర్రాళ్లు కూడా ఎందుకు, ఏమిటి అని అడక్కుండా ఇచ్చారు. వాళ్లకి నేనిప్పటికీ దణ్ణం పెడతాను.

సుబేదార్ సాబ్ ఆర్డర్ ఒక్కటే. "బంకరు వెనకే ఉండాలి. కప్పు దాటి ఒక్క అంగుళం పైకి కనపడకూడదు."

చిరిగిన జల్లెడ ఎలా అని నేను జుట్టు పీక్కుంటుంటే నూకరాజు దాని చుట్టూ ఒక తిరుగు తిరిగాడు. "ఇదేముందండీ, వలే కదండీ. కన్ను ఎంతుండాలో సెప్పండి" అన్నాడు. చిటికెన వేలు దూరకూడదన్నాను. "రొయ్యల వలన్నమాట" అన్నాడు. అంతే. పాడైపోయిన టెలిఫోను తీగ తొడుగు ఒలిచి ఇచ్చాను. రేషను పెట్టె చెక్కతో వల అల్లే సూది చెక్కుకున్నాడు. పోస్టుకి మూడు పూటలా వండుతూనే, మధ్యమధ్య స్టవ్ పక్కన కూర్చుని అల్లాడు. చేతి తొడుగులేసుకుంటే ముడి పడదు. వేళ్లు బిగుసుకుపోతే వేడి టీ గ్లాసు పట్టుకుని, మళ్లీ అల్లేవాడు.

శుక్రవారం ఊచలకి కట్టి, నైరుతి వైపు తిప్పి, టీవీ పెట్టాం. తెరంతా చుక్కలు. గరగరమని చప్పుడు. గంటసేపు తిప్పినా అంతే. బయటికెళ్లి చూద్దును కదా, వాడు అల్లిందంతా మధ్యలో జోలెలా వేలాడుతోంది.

"ఏంట్రా ఇది? ఇంత వదులొదిలావేంటి?"

"వలన్నాక కడుపుండాలి కదండీ. కడుపు లేపోతే చేప నిలవదండి."

"ఓరి నీ దుంపతెగ! ఇది చేపలు పట్టడానికి కాదురా బాబూ. ఊచ ఎలా వంగితే వలా అలాగే అంటుకుని ఉండాలి. కాస్త వేలాడినా సిగ్నల్ జారిపోద్ది."

వాడు నాలిక కరుచుకున్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ చలిలో నవ్వితే పళ్లు జివ్వుమంటాయి, అయినా ఆగలేదు. శనివారం మొత్తం విప్పి కట్టాం. నేను లాగి పట్టుకోవడం, వాడు ముడెయ్యడం. వాడి వేళ్లు చిట్లి తీగకి రక్తం అంటింది. ఆపరా అంటే వినలేదు. నాలుగింటికి తెర మీద బొమ్మ నిలబడింది. రొయ్యల మేత ప్రకటన. "ఎకరానికి మంచి దిగుబడి" అని ఎవరో ఆడమనిషి తెలుగులో చెబుతోంది. జన్మలో రొయ్య మొహం చూడని గఢ్వాలీ కుర్రాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

ఆదివారం తెల్లారేసరికి మంచు, గాలి. మేమున్న బంకర్లో టీవీ ముందు చోటు చాలక జనం మంచాలెక్కారు. కార్యక్రమం ఇంకో పావుగంటలో మొదలవుతుందనగా బయట ఫట్‌మని చప్పుడైంది. డిష్ పట్టి ఉంచే బోల్టు చలికి విరిగింది. తెర నల్లబడింది. నూకరాజు మొహం నేను చూడలేకపోయాను.

సుబేదార్ సాబ్ లేచారు. కోటు వేసుకున్నారు, వాకీటాకీ తీసుకున్నారు, బయటికి నడిచారు. కాసేపటికి నా రేడియో సెట్లో గాలి హోరులోంచి ఆయన గొంతు వినిపించింది. "డిష్ స్తంభం పట్టుకున్నాను. ఎటు తిప్పాలి?"

"ఎడమకి సాబ్. ఇంకొంచెం. ఇంకొంచెం... వచ్చింది! కదలకండి సాబ్!"

"కదలను. ఆ కుర్రాణ్ణి చూడనివ్వు."

తెర మీద ఉప్పాడ. సముద్రం, అలలు, కొట్టుకుపోయిన రోడ్డు. తర్వాత మగ్గం. ఒకావిడ జమ్దానీ గొప్పతనం గురించి గలగలా చెప్పుకుపోతోంది. మగ్గం ముందు ఇద్దరు కూర్చున్నారు. నూకరాజు కుడివైపు మనిషిని చూపించాడు. సన్నగా, నల్లగా, ముక్కుపుడకతో ఉంది. కెమెరా దగ్గరకొచ్చింది. ఆమె నేత ఆపి, తలెత్తి, సూటిగా మావైపు చూసింది. చేతులు కదిలాయి. గబగబా. చీర గురించి చూపిస్తోందనుకుని ఛానల్ ఆవిడ తన మానాన తను చెబుతూనే ఉంది.

"ఇల్లు పోయిందంటండి" అన్నాడు నూకరాజు. గొంతు చాలా మామూలుగా ఉంది. "అల వచ్చి తీసుకుపోయిందంట. సామాను ముందే తీసేసుకున్నారంట. నేతోళ్లింట్లోనే ఉంటన్నారంట. పాప... పాపకేం కాలేదంట. బతికే ఉన్నారండి." అప్పుడు ఏడ్చాడు. పంజాబీ కుర్రాడు వాడి భుజం పట్టుకున్నాడు. ఇల్లు పోయిందని ఏడ్చాడో, బతికున్నారని ఏడ్చాడో నాకు తెలియదు. నేనూ ఏడ్చాను.

దారి తెరిచిన రోజే సాబ్ వాడికి సెలవిచ్చి పంపించారు. ఇప్పుడు వాళ్ల కాపురం ఊరి లోపల, సముద్రానికి దూరంగా. నేను ఆ మరుసటేడు దిగొచ్చాను. సామర్లకోట స్టేషన్లో అడుగు పెట్టగానే మొహానికి తగిలిన ఉక్కపోత కూడా ముద్దొచ్చింది. తర్వాత రిటైరయ్యాను. పెళ్లిళ్లలో, పేరంటాల్లో జనం పక్కన చేరి, "ఎంతమందిని కాల్చారండీ?" అని అడుగుతారు. ఎవర్నీ కాల్చలేదు, ఒక డిష్ కట్టానంటే వేళాకోళమనుకుంటారు. అనుకోనివ్వండి.

నా కళ్లముందు నుంచి పోనిది ఒకటుంది. ఆ రోజు కార్యక్రమం ఇక అయిపోతుందనగా లోవలక్ష్మిని మళ్లీ చూపించారు. నవ్వమని పక్కనుంచి ఎవరో చెప్పినట్టున్నారు. ఆమె నవ్వలేదు. కుడిచేతి వేళ్లన్నీ కలిపి నోటి దగ్గర పెట్టుకుని, గడ్డం పైకెత్తింది. ఆ ఒక్క మాటా బంకర్లో అందరికీ అర్థమైంది. తిన్నావా, అని. మా అందరికీ వండిపెట్టే మనిషిని ఆ కొండ మీద ఆ మాట అడిగినవాళ్లు లేరు. నూకరాజు కళ్లు తుడుచుకుని టీవీ ముందుకొచ్చి నిలబడ్డాడు. చిట్లిన వేళ్లు కలిపి నోటి దగ్గర పెట్టుకుని, పొట్ట నిమురుకుని, తలూపాడు. తిన్నాను, అని. పొద్దుట్నుంచీ వాడు ఏమీ తినలేదు.