నాలుగు స్పీకర్లు, దిగని అద్దం

అంబాసిడర్ కారు కొన్నది నా కోసం కాదు, మా ఆవిడ కోసం. ఈ మాట సూర్యాపేటలో తెలిసినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఆవిడకు కార్లు పడవు. అద్దాలు బిగించి ఏసీ వేశారంటే పది నిమిషాల్లో కడుపులో తిప్పుతుంది. అందుకని మిర్యాలగూడలో తల్లిగారింటికి ఎప్పుడు వెళ్లినా బస్సే. కిటికీ పక్క సీటు, గుప్పిట్లో నిమ్మకాయ. ఆవిడ చెల్లెళ్లిద్దరూ మాత్రం వాకిట్లో దర్జాగా కార్లు దిగేవాళ్లు. మేం బస్టాండు నుంచి సంచులు మోసుకుంటూ నడిచి వెళ్లేవాళ్లం.

"నాకు బంగారం వద్దు, గింగారం వద్దు. మా అమ్మ వాకిట్ల ఒక్కసారన్న కారు దిగాలె" అనేది.

రెండువేల ఎనిమిదిలో ఒక పాత అంబాసిడర్ అమ్మకానికి వచ్చింది. చివ్వెంల దాకా నడిపి చూశాం. ఆవిడ అద్దం పూర్తిగా దించి, మోచెయ్యి బయటపెట్టి, పోనూ రానూ కబుర్లు చెబుతూనే ఉంది. నిమ్మకాయ సంచిలోంచి బయటికే రాలేదు. ఇంటి ముందు దిగి, "గిది నా బండి" అంది. మిర్యాలగూడలో ఆవిడ తమ్ముడి గృహప్రవేశానికి అప్పటికి నెల రోజులుంది.

ఆ కారును అలాగే వదిలేసి ఉంటే సరిపోయేది. కానీ నాకు బుద్ధి ఉంటే కదా!

కోదాడలో హైవే పక్కన ఒకాయన పాత కార్ల లోపలి సామాను అమ్మేవాడు, బిగించేవాడు. షాపు నిండా సీట్లు, హ్యాండిళ్లు, డోర్ల అట్టలు. ఏది ఏ కారుదో ఆయనకే తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా లేదనేవాడు.

"ఏ బండిదైనా ఏ బండికైనా పడుద్ది సార్. మనం పట్టించాలంతే."

పట్టించాడు. ముందు జీపు సీట్లు బిగించాడు. కూర్చుంటే నా తల పైకప్పుకు తగిలింది. "రెండ్రోజుల్లో అలవాటైపోద్ది" అన్నాడు, కారుకో నా తలకో చెప్పకుండా. ఎడమ డోరుకు లోపలి హ్యాండిల్ ఏదో వ్యానుది పెట్టాడు. దాన్ని పైకి లేపినా, కిందికి నొక్కినా డోరు తెరుచుకోదు. బయటి నుంచి తీస్తే మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. ప్రతి ఆదివారం ఏదో ఒకటి మార్పించుకుని, పెళ్లికొడుకులా తిరిగొచ్చేవాణ్ణి.

ఆఖరి ఆదివారం స్పీకర్లు. నాలుగు డోర్లకు నాలుగు. డోరు అట్టను గుండ్రంగా కోసి కూర్చోబెట్టాడు. స్పీకరు వెనక అరచేయంత అయస్కాంతం ఉంటుంది. అది సరిగ్గా అద్దం దిగే దారిలో కూర్చుంది. హ్యాండిల్ తిప్పితే అద్దం నాలుగు వేళ్ల మేర దిగి, టక్కుమని ఆగిపోయింది. నేను ఆయన మొహం చూశాను.

"అద్దాలు దించితే పాటంతా రోడ్డు మీదోళ్లకే పోద్ది సార్. బిగించుకుని వింటేనే బేసు" అన్నాడు.

నిజమే కదా అనిపించింది! మిట్టమధ్యాహ్నం, అద్దాలన్నీ బిగించుకుని ఇద్దరం కారులో కూర్చుని పాట విన్నాం. చొక్కా తడిసిపోయింది, పళ్లు కదిలిపోతున్నాయి, నేను తల ఊపుతూనే ఉన్నాను. కారు ఎవరి కోసం కొన్నానో ఆ కాసేపట్లో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

గృహప్రవేశం రోజు ఆవిడ పట్టుచీర కట్టుకుని నా పక్కన కూర్చుంది. అద్దం హ్యాండిల్ తిప్పింది. టక్. మళ్లీ తిప్పింది. టక్.

"గిదేంది, దిగుతలేదు?"

"నాలుగు వేళ్లంత దిగుతది గదా, గాలొస్తది. జర పాట విను."

"నేను పాట అడిగిన్నా నిన్ను?"

ఊరు దాటిన అరగంటకు ఆవిడ ఆ నాలుగు వేళ్ల సందుకు ముక్కు ఆనించి కూర్చుంది. తర్వాత "ఆపు" అంది. డోరు తీయబోయి లోపలి హ్యాండిల్ పీకింది. రాలేదు. నేను చుట్టూ తిరిగి పరుగెత్తుకెళ్లి తీశాను. రోడ్డు పక్కన చాలాసేపు తల వంచుకుని కూర్చుంది. మిర్యాలగూడ బస్సు రాగానే లేచి చెయ్యెత్తింది, ఎక్కేసింది. నా వైపు చూడలేదు.

మిగతా దారంతా ఆ బస్సు వెనకాలే నడిపాను. ముందు కిటికీలోంచి ఆవిడ మోచెయ్యి కనబడుతోంది. నా కారులో పాట మోగుతూనే ఉంది, ఖాళీ జీపు సీటు కోసం.

బస్టాండులో బతిమాలాను. "రెండు సందులే. మీ అమ్మ వాకిట్ల దిగుతవ్." పాట బంద్ చేయించి, ఎక్కింది.

వాకిట్లో అందరూ ఉన్నారు. కారు ఆపి, నేను పరుగున చుట్టూ తిరిగి డోరు తీశాను. మరో దారి లేదు గనక తీశాను. చిన్న చెల్లెలు వెంటనే మొగుణ్ణి పొడిచింది.

"సూడు, బావ అక్కకు డోరు తీస్తుండు. నువ్వెన్నడన్న తీసినవా?"

అందరూ నవ్వారు. ఆ గౌరవాన్ని నేను కాదనలేదు.

కాళ్లు కడుక్కోమని మా అత్త నీళ్ల చెంబు పట్టుకొచ్చి, "కారుల మంచిగొచ్చినవా బిడ్డా? కడుపుల తిప్పలేదా?" అని అడిగింది. నేను డోరు మూసే పని పెట్టుకున్నాను.

"మంచిగొచ్చిన అమ్మా. ఏం కాలె" అంది ఆవిడ.

నా పరువు కోసం కాదు, వాళ్లమ్మ మొహంలో ఆ సంతోషం కోసం. చెంబు అందుకోవడానికి గుప్పిట తెరిచింది. నలిగిన నిమ్మకాయ, దానికి అంటుకుని బస్సు టికెట్టు. ఎవరూ చూడకముందే ఆ తడి టికెట్టును నా చొక్కా జేబులో పెట్టి, కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది.