రేపు రావద్దన్న మాట

పోయిన ఆదివారం మా చెల్లెలి మనవరాలు వికారాబాదులో మా ఇంటికి వచ్చి, పెట్టిన చాయ్ చల్లారిపోతున్నా ముట్టుకోకుండా, తన ఫోను నా చేతిలో పెట్టి వీడియో చూడమంది. ఆ పిల్ల ఇప్పుడు టీచరు ట్రైనింగులో ఉంది, కోట్‌పల్లి వైపు ఒక బడిలో పాఠాలు చెబుతోంది. తరగతి గదిలో సృజనాత్మకత, సాంకేతికత అనే విషయం మీద ఒక వ్యాసం రాసి, దానికి తోడుగా ఎనిమిది నిమిషాల పాఠం చిత్రీకరించి కాలేజీకి పంపాలట. పాఠం బాగుంది, కాదనను. గోడకున్న పెద్ద తెర మీద గ్రహాలు తిరుగుతున్నాయి, పిల్లలు కాగితపు గ్రహాలు చేతిలో పట్టుకుని దాని ముందు తిరుగుతున్నారు, అడిగిన ప్రతి ప్రశ్నకూ చేతులు లేస్తున్నాయి. కానీ నల్లబల్ల మూలన మొత్తం ముప్పై ఒకటి, హాజరు ముప్పై ఒకటి అని రాసి ఉంది, నేను రెండుసార్లు లెక్కపెడితే రెండుసార్లూ ఇరవై నలుగురే తేలారు.

"అమ్మమ్మా, నువ్వు వీడియో చూస్తున్నవా, హాజరు తీస్తున్నవా?" అని నవ్వింది. మిగతా ఏడుగురేరి అని అడిగితే, "వాళ్లు జర గోల చేస్తరు, జవాబులు గిట్ల చెప్పరు. వరండాల కూసోవెట్టిన. ఎనిమిది నిమిషాలే గదా!" అంది. వ్యాసం కూడా చదివి వినిపించింది. సాంకేతికత ప్రతి బిడ్డకూ అవకాశం ఇస్తుందని అందులో మూడు చోట్ల ఉంది. బాగా రాశావని చెప్పి పంపించాను. చెప్పవలసింది వేరే ఉంది, కానీ ఉత్సాహంగా వచ్చిన పిల్లతో చెప్పడానికి నోరు రాలేదు. నా ఈడు వాళ్లు, అందులోనూ సుద్దముక్క పట్టి బతికిన వాళ్లు, మీరైతే అర్థం చేసుకుంటారని మీకు చెబుతున్నాను.

ఇప్పుడు నాకు డెబ్భై నాలుగు. ఇరవై మూడేళ్ల వయసులో, అంటే యాభై ఒక్క ఏళ్ల కింద, నేనూ అలాంటి ట్రైనింగులోనే ఉన్నాను. మా ఇల్లు ధారూర్‌లో, నాకు ఇచ్చిన బడి తాండూరులో. రోజూ పొద్దున్నే ప్యాసింజర్ రైలెక్కి, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఆ రోజు చెప్పే పాఠం పెదవులు కదలకుండా వల్లె వేసుకుంటూ పోయేదాన్ని. ముప్పై పాఠాలు చెప్పాలి, అందులో ఒకటి మా లెక్చరర్ వచ్చి వెనక బెంచీలో కూర్చుని చూస్తారు, దానికి యాభై మార్కులు. ఆ మార్కుల మీదే ఉద్యోగం ఉందని మేమంతా నమ్మేవాళ్లం. నాన్న పోయి రెండేళ్లయింది, ఇంట్లో నా తరవాత ఇద్దరు చెల్లెళ్లు, అందుచేత నాకు ఆ యాభై మార్కులు యాభై మార్కుల్లా కనబడేవి కావు.

ఆ రోజుల్లో మాలో ఒక ఆనవాయితీ ఉండేది, ఎవరూ పైకి చెప్పుకునేవారు కాదు గాని అందరూ చేసేవారు. లెక్చరర్ వచ్చే ముందురోజే అదే పాఠం అదే పిల్లలకు పూర్తిగా చెప్పేసి, ఏ ప్రశ్నకు ఎవరు లేవాలో, ఏ జవాబు చెప్పాలో కూడా నేర్పేసేవాళ్లం. జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి ఎత్తాలి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి ఎత్తాలి. చూసేవారికి తరగతి మొత్తం చేతులెత్తినట్టే ఉంటుంది. పిల్లలకు అదొక ఆట. మాకు అది ఆట కాదు.

నా పాఠం ఆరో తరగతికి, శిలల గురించి. కాలేజీ నుంచి స్లైడ్ ప్రొజెక్టర్ సంతకం పెట్టి తెచ్చాను. దాని బల్బు పగిలితే ఏం చేయాలో తెలియక, రైల్లో దాన్ని దుప్పట్లో చుట్టి చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చాను. ఆ బడిలో అప్పటికి అలాంటి యంత్రం ఎవరూ చూడలేదు. కిటికీలకు దుప్పట్లు కట్టించి, నవంబరు పద్దెనిమిది, మంగళవారం మధ్యాహ్నం, ముప్పై ఎనిమిది మంది పిల్లలతో రిహార్సల్ మొదలుపెట్టాను.

తరగతిలో ఒకమ్మాయి ఉండేది. పదకొండేళ్లుంటాయి. తండ్రి నాపరాళ్ల గనిలో పని చేసేవాడు, తల్లి కర్ణాటక వైపు మనిషి. తెర మీద మొదటి రాయి బొమ్మ పడగానే ఆ అమ్మాయి లేచి నిలబడి, రాయి గట్ల ఉండదు టీచర్, పొరలు పొరలుగ ఉంటది అంది. కూర్చోమంటే కూర్చుంది, మళ్లీ లేచింది. ఈసారి పరుగున బయటికిపోయి ప్రహరీ పక్కన పడి ఉన్న రెండు నాపరాతి ముక్కలు తెచ్చింది, అందరినీ కళ్లు మూసుకోమంది, ఒక్కొక్క ముక్కను బడిగంట కొట్టే ఇనుప కడ్డీతో కొట్టింది. ఒకటి గంటలా మోగింది, ఒకటి మొద్దుగా పలికింది. మొద్దుగా పలికినదానికి లోపల పగులు ఉంటుందని, వాళ్ల నాయన చూసి కాదు, విని చెబుతాడని చెప్పింది. ఇక చూడండి, తరగతి మొత్తం నాకు నాకు అంటూ రాళ్ల మీద పడింది. దుప్పటి ఊడిపోయి గదిలోకి ఎండ వచ్చింది. నేను గడియారం చూసుకుంటూ ఉన్నాను. నలభై నిమిషాల పాఠంలో పదకొండు నిమిషాలు పోయాయి, నా స్లైడ్లలో ఐదు మిగిలిపోయాయి.

గంట కొట్టాక ఆ అమ్మాయిని ఆపి, రేపు రావద్దని చెప్పాను. ఎందుకు టీచర్ అంది. రేపు నాకు పరీక్ష ఉంది బిడ్డా, నువ్వుంటే పాఠం సాగదు అన్నాను. "నేను సప్పుడు చెయ్య టీచర్. ఎన్క బెంచీల నోరు మూసుకొని కూసుంట" అంది. నేను కాదన్నాను. ఒక్కరోజే, గురువారం రా అన్నాను. ఆ మాట అన్నానని నాకు బాగా గుర్తు, అయినా దానివల్ల ఇప్పుడు ప్రయోజనం లేదు.

మర్నాడు పాఠం అచ్చుగుద్దినట్టు నడిచింది. కుడిచేతులు, ఎడమచేతులు, పన్నెండు స్లైడ్లు, ముప్పై తొమ్మిదో నిమిషంలో నల్లబల్ల మీద సారాంశం. లెక్చరర్ హాజరుపట్టీ చూసి, ఒకరు రాలేదేం అని అడిగితే, జ్వరం సార్ అన్నాను. యాభైకి నలభై ఆరు వేశారు. నాలుగు ఎందుకు తగ్గించారో కూడా రాశారు: ఊరి చుట్టూ గనులుండగా ఒక్క నిజమైన రాయినైనా పిల్లల చేతికి ఇవ్వలేదని.

గురువారం ఆ అమ్మాయి రాలేదు. శుక్రవారం రాలేదు. నిజంగానే జ్వరం వచ్చిందేమో అనుకున్నాను, అనుకోవడం సులువుగా ఉంది కాబట్టి. డిసెంబరు ఒకటో తేదీ సోమవారానికి పది పనిదినాలయ్యాయి. ఆ సాయంత్రం బడి వదిలాక, పిల్లలను దారి అడుగుతూ వాళ్లింటికి పోయాను.

తండ్రి ఇంటి ముందే ఉన్నాడు. మర్యాదగా మంచం వాల్చాడు, భార్యను నీళ్లు తెమ్మన్నాడు. అమ్మాయిని బడికి ఎందుకు పంపడం లేదని అడిగితే నా మొహంలోకి వింతగా చూశాడు.

"మీ మాట మీదనే ఇన్నొద్దులు పంపిన టీచరమ్మా. పిల్ల తెలివిగల్లదని టీచర్లు అంటున్నరని మా ఆడామె నాతోటి కొట్లాడేది. సరే తియ్యని ఊకున్న. ఇప్పుడు మీరే వద్దన్నరు."

ఒక్కరోజుకే వద్దన్నానని చెప్పాను. పరీక్ష సంగతీ, లెక్చరర్ సంగతీ, అన్నీ చెప్పాను. అతను ఓపికగా విన్నాడు. "ఒక్కదినం అక్కెర లేనిది తెల్లారి ఎట్ల అక్కెరొస్తది?" అన్నాడు. కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగాడు. రాళ్లకు పాలిష్ పెట్టే చోట బండలు కడిగే పనికి పెట్టేశాడట, అప్పటికి ఎనిమిది రోజులయిందట. తల్లి నీళ్లచెంబు నా ముందు పెట్టి, వెనక్కి గుమ్మంలోకి పోయింది. ఇన్నాళ్లూ బిడ్డ తరఫున కొట్లాడిన మనిషి ఆవిడే, ఆవిడ చేతిలో ఉన్న ఒకే ఒక్క మాట నేనే తీసేసుకున్నాను.

అంతలో అమ్మాయి వచ్చింది. పరికిణీ మోకాళ్ల దాకా తడిసి, రాతిపొడి ఆరి తెల్లగా ఉంది. వేళ్లు నీళ్లలో నాని ముడతలు పడ్డాయి. నన్ను చూసి దగ్గరికి వచ్చి, ముందుగా అడిగిన మాట ఇది: "మీ పరీక్ష పాసయిన్రా టీచర్?"

అయ్యాను బిడ్డా అన్నాను. సంతోషంగా తల ఊపింది.

ఆ శనివారం, డిసెంబరు ఆరుతో నా ట్రైనింగు పాఠాలు ముగిశాయి. ప్రధానోపాధ్యాయురాలితో చెప్పాను, ఆవిడ ఒక మనిషిని పంపారు, ఆ తండ్రి మళ్లీ అదే మర్యాదతో అదే జవాబు చెప్పాడు. నెలాఖరున పేరు కొట్టేశారు. తరవాత నేను ముప్పై నాలుగేళ్లు ఉద్యోగం చేశాను, రిహార్సల్ ఇంకెప్పుడూ చేయలేదు, ఏ బిడ్డనూ రావద్దనలేదు. ఇది గొప్పగా చెప్పడం లేదు, చేసినదానికి అది సరిపోదని తెలిసే చెబుతున్నాను.

మొన్న మా చెల్లెలి మనవరాలు వెళ్లబోతుంటే, వరండాలో కూర్చోబెట్టిన ఆ ఏడుగురు మర్నాడు బడికి వచ్చారా అని మాత్రం అడిగాను. "ఎందుకు రారు? అందరొచ్చిన్రు. ఇండ్లల్ల ఎవ్వరికి చెప్పనే చెప్పలే" అంది. ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు పిల్ల రాకపోతే ఇంటికి ఫోను పోతుంది, మధ్యాహ్నం అన్నం పెడతారు, గనికి పంపితే అడిగే చట్టం ఉంది, టీచరు నోరుజారితే కూలిపోయేంత పలచగా లేదు పిల్లల చదువు. మంచిదే.

మా తరం వాళ్లం నలుగురం కలిస్తే, మా కాలంలో టీచరు మాటకు ఎంత విలువ ఉండేది, ఇప్పుడెక్కడిది అని నిట్టూరుస్తూ ఉంటాం. నేనూ వాళ్లతోపాటు తల ఊపుతాను. నిజమే, ఉండేది. చదువురాని ఒక తండ్రి టీచర్ల మాట మీద బిడ్డను బడికి పంపాడు, నా మాట మీద ఆపాడు. ఆ విలువ పోయిందని ఇప్పుడు బాధపడాలో, పోయినందుకు సంతోషించాలో, ఈ వయసుకు వచ్చినా నాకు తేలడం లేదు.